స్నేహితులతో విందు: బిల్లులో మీ వాటా ఎంత?

ప్రశ్న: మేం ఆరుగురు స్నేహితులం నెలకు రెండుసార్లు ఇటాలియన్ రెస్టారెంట్‌లో కలుస్తాం. నేను వైన్ తాగను, మాంసం తినను. ఒక పాస్తాతో నా భోజనం అయిపోతుంది. బిల్లు మాత్రం ఆరు సమాన భాగాలు చేస్తారు. నా వాటా క్రెడిట్ కార్డు మీద కడుతున్నాను, ఆ బాకీ పూర్తిగా తీర్చలేకపోతున్నాను. వెళ్లడం మానేయాలా? కార్డు మీద వచ్చే డిస్కౌంట్లు వాడుకుంటే సరిపోతుందా?

జవాబు: మానేయమని నేను చెప్పను. ఏళ్ల తరబడి నిలిచిన స్నేహాన్ని ఖర్చుల పట్టికలోంచి కొట్టేస్తే మిగిలే డబ్బు కంటే పోయేది ఎక్కువ. మీ ఇబ్బంది రెస్టారెంట్ వల్ల వచ్చింది కాదు, బిల్లు పంచుకునే పద్ధతి వల్ల వచ్చింది; కాబట్టి మార్చవలసింది ఆ పద్ధతినే.

ఇటాలియన్ భోజనంలో ఈ తేడా త్వరగా పెరగడానికి కారణం ఉంది. ముందుగా అందరూ కలిసి తినే యాంటీపాస్తీ అనే చిరు వంటకాలు, తరువాత ప్రీమో అనే పాస్తా లేదా రిజోట్టో (బియ్యంతో చేసే వంటకం), ఆపైన సెకొండో అనే మాంసం లేదా చేప, దానికి తోడుగా విడిగా తెప్పించుకునే కూరగాయలు, చివర తీపి, కాఫీ, వీటన్నిటి వెంట వైన్, ఇలా మెనూ వరుసగా సాగుతుంది. ఒకరు ప్రీమోతో ఆగిపోయి, పక్కవారు చివరిదాకా వెళితే, ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి ఖర్చులో రెండు మూడు రెట్ల తేడా రావడం మామూలే.

మీ బిల్లు మొత్తం 120 పాళ్లు అనుకుందాం. అందులో మీ పాస్తా 8, కలిసి తిన్న యాంటీపాస్తీలో మీ భాగం 2, వెరసి మీరు తిన్నది 10 పాళ్లు. మీరు కట్టేది 20. అంటే వెళ్లిన ప్రతిసారీ మీ భోజనంతో పాటు మరొక భోజనం ఖరీదు కూడా మీరే భరిస్తున్నారు. నెలకు రెండుసార్ల లెక్కన ఏడాదికి 24 భోజనాల డబ్బు అదనంగా పోతోంది. దానిపై కార్డు వడ్డీ వేరు. పాత బాకీ మిగిలి ఉండగా కొత్తగా చేసే ఖర్చుకు చాలా కార్డులు వడ్డీ లేని గడువును కూడా ఇవ్వవు కాబట్టి, నిన్నటి విందు మీద ఇవాళ్టి నుంచే వడ్డీ మొదలవుతుంది.

దీనికి మీ స్నేహితుల స్వార్థం కారణమని అనుకోకండి. యూరి గ్నీజీ అనే ఆర్థికవేత్త, మరో ఇద్దరు పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, భోజనానికి వచ్చినవారిని ఆరుగురు చొప్పున కూర్చోబెట్టి చూశారు. ఎవరిది వారు కట్టుకున్నప్పటి కంటే, బిల్లు సమానంగా పంచుకున్నప్పుడు తలసరి ఖర్చు సుమారు 36 శాతం పెరిగింది. మీ బల్ల దగ్గరే ఈ పద్ధతి ఇష్టం లేనివారు మరొకరు ఉండే అవకాశం ఎక్కువ, వారు కూడా మీలాగే మొహమాటపడుతూ ఉండవచ్చు.

అందువల్ల ఈ మాట బిల్లు వచ్చాక కాకుండా, కలుసుకునే రోజు ఖరారవుతున్నప్పుడే చెప్పండి. "ఈసారి నుంచి కలిసి తిన్నవి అందరం పంచుకుందాం, వైన్, విడిగా తెప్పించుకున్నవి ఎవరివి వారు కడదాం, నాకు ఈ ఏడాది ఖర్చు తగ్గించుకోవాల్సి ఉంది" అని రాస్తే చాలు. కారణం దాచవద్దు, నిజం చెబితే స్నేహితులు అర్థం చేసుకుంటారు, సాకు చెబితే మళ్లీ మళ్లీ సాకులు వెతుక్కోవలసి వస్తుంది. విడి బిల్లులు కావాలనే సంగతి ఆర్డర్ ఇచ్చేముందే సర్వర్‌కు తెలియజేయాలి, ఎందుకంటే అంతా ఒకే బిల్లులో ఎక్కించాక విడదీయడం వారికి కష్టం. పన్ను, సర్వీసు చార్జి ఎవరు తెప్పించుకున్న మొత్తాన్ని బట్టి వారికి పడాలి, తలా ఒక భాగంగా కాదు.

ఇలా మిగిలే డబ్బును ముందుగా కార్డు బాకీకి కట్టండి. అది తీరేదాకా విందుకు కార్డు తీసుకువెళ్లకండి. జీతం వచ్చిన రోజునే పొదుపు, బీమా, అత్యవసర నిధికి పోయేది పక్కకు తీసి, విందులకు అనుకున్న మొత్తాన్ని వేరే ఖాతాలో వేసుకుని దాంట్లోంచే కట్టండి. ఆ ఖాతా ఒక నెలలో ఒక్క విందుకే సరిపోతే, రెండోసారి ఎవరి ఇంట్లోనైనా కలుద్దామని మీరే ప్రతిపాదించవచ్చు. పుట్టినరోజుల వంటి సందర్భాల్లో మాత్రం సమాన వాటాకు ఒప్పుకోండి. వాటి తేదీలు ముందే తెలుసు కనుక ఏడాది లెక్కలో కలుపుకోవడం సులభం.

ఇక డిస్కౌంట్ల సంగతి. బిల్లులో పది శాతం తగ్గినా, మీ వాటా 20 పాళ్ల నుంచి 18కి వస్తుంది, మీరు తిన్నది 10 పాళ్లే. కనీసం ఇంత ఖర్చు చేయాలనే షరతు ఉంటే బల్ల మీదికి మరో వంటకం చేరుతుంది. బాకీ పూర్తిగా తీరి, ఎవరిది వారు కట్టుకునే పద్ధతి కుదిరాక, ఎలాగూ వెళ్లే విందుకు డిస్కౌంట్ దొరికితే నిరభ్యంతరంగా వాడుకోండి.