టీవీ కొనేముందు దాని వెనకవైపు చూడండి

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలు అపార్ట్‌మెంట్‌లో దిగి, పరుపూ రైస్ కుక్కరూ కొనుక్కున్నాక అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "అన్నా, టీవీ తీసుకుంటున్నా. ట్యూనర్ లోపలే ఉన్నది కొనేదా, బాక్సు వేరేగా పెట్టించుకునేదా? ఆ బాక్సు యాడ దొరుకుద్ది?"

ట్యూనర్ అంటే వచ్చే సిగ్నల్‌లోంచి ఛానెల్‌ను పట్టి తెర మీద చూపించే భాగం. ప్రశ్న ఇలా పుట్టడానికి కారణం మన ఊళ్లలో అలవాటు. మన పట్టణాల్లో కేబుల్ డిజిటల్ కావడానికి 2015 డిసెంబరు 31 గడువు పెట్టారు, పల్లెలకు 2017 మార్చి 31. అప్పట్నుంచి కేబుల్ అతను ఇచ్చిన బాక్సో, మిద్దె మీది డిష్ తాలూకు బాక్సో లేనిదే తెర మీద బొమ్మ లేదు. ఏళ్ల తరబడి అలా చూసినవాళ్లకు టీవీ అంటే తెర, ఛానెళ్లు అంటే బాక్సు అని మనసులో పడిపోతుంది. ఇక్కడికొచ్చాక కూడా అదే లెక్కన కేబుల్ కంపెనీకి ఫోన్ చేసి నెలనెలా అద్దె కట్టే బాక్సు తెచ్చుకుంటారు. ఆ బాక్సులో చూసే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ స్థానిక స్టేషన్లు చాలా ఊళ్లలో గాల్లో ఉచితంగా వస్తూనే ఉంటాయి.

కాబట్టి ఏ టీవీ అని కాకుండా, నాకు కావలసిన ఛానెల్ ఇంటికి ఏ దారిన వస్తుంది అని ముందు అడగండి. దారులు మూడు: గాలి, కేబుల్, ఇంటర్నెట్. లోపలి ట్యూనర్ పనికొచ్చేది గాలి దారికి. కేబుల్‌కు బాక్సు తప్పదు. ఇంటర్నెట్‌కు ఈ రెండింటితోనూ పని లేదు.

గాలి దారిలోనే తెలుసుకోవలసింది ఎక్కువ ఉంది. అమెరికాలో 2007 మార్చి 1 తర్వాత వచ్చిన ప్రతి టీవీలో డిజిటల్ ట్యూనర్ ఉండాలని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన. 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల పాత అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి. అంటే ఇవాళ దుకాణంలో టీవీ పేరుతో అమ్మే దానికి ట్యూనర్ కోసం విడిగా డబ్బు పెట్టక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది టీవీ అని కాకుండా డిస్‌ప్లే, మానిటర్, ప్రొజెక్టర్ అన్న పేర్లతో అమ్మేవాటి దగ్గర. 2016లో విజియో కొన్ని పెద్ద తెరలను ట్యూనర్ లేకుండానే అమ్మింది. అలాంటివి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో తగులుతుంటాయి. ఎవరిదైనా పాతది కొంటుంటే తిప్పి వెనక చూడండి: చుట్టూ మరలు ఉండి, మధ్యలో సన్నటి రంధ్రం ఉన్న గుండ్రటి లోహపు సాకెట్ కనబడాలి. పక్కన యాంటెన్నా అనో కేబుల్ అనో రాసి ఉంటుంది. అది లేకపోతే ట్యూనర్ లేనట్టే. 2007కు ముందు టీవీల్లో ఆ సాకెట్ ఉన్నా లోపల అనలాగ్ ట్యూనరే ఉండవచ్చు, కాబట్టి వెనక లేబుల్ మీద తయారీ సంవత్సరం కూడా చదవండి. అలాంటిదానికి మాత్రం డిజిటల్ సిగ్నల్‌ను పాత టీవీకి సరిపడేలా మార్చే కన్వర్టర్ బాక్సు కావాలి. ఆ డబ్బు కూడా కలిపి లెక్క వేసుకుంటే పాత టీవీ చవకేమీ కాదు.

ట్యూనర్ ఉంది సరే, ఇక యాంటెన్నా. ముందు ఎఫ్‌సీసీ వారి డీటీవీ రిసెప్షన్ మ్యాప్స్ పేజీలో మీ చిరునామా కొట్టండి. ఏ స్టేషన్ సిగ్నల్ ఎంత బలంగా అందుతుందో చూపిస్తుంది. స్టేషన్ పేరు నొక్కితే టవర్ ఏ దిక్కున ఉందో, అసలు ఏ ఆర్‌ఎఫ్ ఛానెల్ మీద, అంటే గాల్లో నిజంగా వాడే ఫ్రీక్వెన్సీ నంబరు మీద, ప్రసారం చేస్తోందో వస్తుంది. ఈ ఆర్‌ఎఫ్ నంబరు చాలామంది చూడకుండా వదిలేస్తారు, మోసపోయేదీ అక్కడే. తెర మీద 7.1 అని కనబడే స్టేషన్ నిజానికి 30వ ఛానెల్ మీద రావచ్చు. 7.1 అన్నది పేరు మాత్రమే. 14 నుంచి 36 వరకు పొట్టి తరంగాల యూహెచ్‌ఎఫ్, 2 నుంచి 13 వరకు పొడుగు తరంగాల వీహెచ్‌ఎఫ్. కిటికీకి అతికించే కాగితంలాంటి పల్చటి యాంటెన్నా యూహెచ్‌ఎఫ్‌ను బాగా పడుతుంది, వీహెచ్‌ఎఫ్‌కు బలహీనం. ఎందుకంటే బాగా పట్టాలంటే యాంటెన్నా సుమారు అరతరంగం పొడవుండాలి, 7వ ఛానెల్ దగ్గర అది సుమారు 85 సెంటీమీటర్లు. అంత పొడవు ఆ అట్టలో లేదు. మీ ఊళ్లో ముఖ్యమైన స్టేషన్ వీహెచ్‌ఎఫ్‌లో ఉంటే రెండు కడ్డీల యాంటెన్నా కొనండి. 7 నుంచి 13 ఛానెళ్లకు ఒక్కో కడ్డీ సుమారు 38 సెంటీమీటర్లు, అంటే రెండు జానలకు కొంచెం తక్కువ, లాగి అడ్డంగా పరచాలి. 2 నుంచి 6 వాటికి పూర్తిగా లాగాలి.

దాన్ని పెట్టే చోటు యాంటెన్నా ధర కంటే ముఖ్యం. టవర్ దిక్కుకున్న కిటికీ, ఎంత ఎత్తుంటే అంత మేలు. కానీ కొత్త ఇళ్ల కిటికీ అద్దాలకు వేడి ఆపడానికి పల్చటి లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌ను కూడా ఆపేస్తుంది. అలాంటప్పుడు అద్దానికి అతికించడం కంటే పక్క గోడకు పెడితే ఛానెళ్లు పెరగవచ్చు. గోడలో ఇనప జాలీ మీద సిమెంటు పూసిన ఇళ్లలో లోపలి యాంటెన్నాతో పెద్దగా లాభం ఉండదు, బాల్కనీలోకి తీసుకెళ్లాల్సిందే. అపార్ట్‌మెంట్ వాళ్లు బాల్కనీలో యాంటెన్నా పెట్టొద్దంటే భయపడకండి. మీరు మాత్రమే వాడుకునే బాల్కనీలో టీవీ యాంటెన్నా, ఒక మీటరు లోపు డిష్ పెట్టుకునే హక్కును ఎఫ్‌సీసీ అద్దెకున్నవాళ్లకు కూడా 1999 నుంచి ఇచ్చింది. అయితే గోడకు చిల్లు కొట్టొద్దని వాళ్లు అనవచ్చు. స్టాండు మీద నిలబెట్టుకోండి.

తర్వాత స్కాన్. మెనూలో ఛానెళ్ల సెట్టింగ్‌కు వెళ్లి, యాంటెన్నా లేదా ఎయిర్ అన్నది ఎంచుకుని ఆటో స్కాన్ నొక్కాలి. చాలా టీవీల్లో పక్కనే కేబుల్ అని ఇంకో ఎంపిక ఉంటుంది. పొరపాటున అది నొక్కితే ఒక్క ఛానెల్ కూడా దొరకదు, యాంటెన్నా చెడిపోయిందని తిరిగిచ్చేస్తారు. పాత రోజుల్లో మిద్దె మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద ఇంకొకరు "వచ్చింది, వచ్చింది" అని అరిచినట్టు ఇప్పుడు పని జరగదు. అప్పట్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, ఎటు తిప్పాలో చుక్కలే చెప్పేవి. డిజిటల్‌లో ఒక గీత ఉంటుంది: పైన ఉంటే బొమ్మ అద్దంలా, కింద పడితే నల్లటి తెర. గీతకు అటూ ఇటూ ఊగుతుంటే బొమ్మ చదరాలు చదరాలుగా విరిగి, మాట తెగిపోతుంది. అందుకని కంటితో కాకుండా మెనూలో సిగ్నల్ మీటర్ పెట్టుకుని జానెడు జానెడు జరుపుతూ చూడాలి. కొత్త చోట పెట్టిన ప్రతిసారీ మళ్లీ స్కాన్ చేయాలి.

చదరాలు పడితే వెంటనే సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫైయర్ కొనేస్తారు. తొందరపడొద్దు. టవర్ దగ్గర్లో ఉంటే యాంప్లిఫైయర్ ట్యూనర్‌ను ముంచేస్తుంది, ఉన్న ఛానెళ్లు కూడా పోతాయి. అది వాడాల్సింది వైరులో పోయే నష్టం పూడ్చడానికి. యాంటెన్నాకు వాడే ఆర్‌జీ6 వైరు 100 అడుగులకు యూహెచ్‌ఎఫ్‌లో సుమారు 5, 6 డెసిబెల్స్ (సిగ్నల్ నష్టాన్ని కొలిచే లెక్క) తింటుంది. రెండు టీవీలకు పంచే స్ప్లిటర్ ఒక్కో వైపు 3.5, నాలుగు టీవీలది 7 తింటుంది. ఇంత నష్టం ఉంటేనే, అదీ యాంటెన్నా దగ్గర పెట్టండి, టీవీ దగ్గర కాదు. వీహెచ్‌ఎఫ్ ఛానెల్ రాత్రిపూట మాత్రమే విరుగుతుంటే గదిలో చవక ఎల్‌ఈడీ బల్బు ఆపి చూడండి, చాలాసార్లు దోషం దానిదే.

ట్యూనర్ లోపలే ఉన్నా విడి ట్యూనర్ బాక్సు కొనే సందర్భాలు రెండున్నాయి. ఒకటి రికార్డింగ్. ఇక్కడి టీవీల్లో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. యూఎస్‌బీ డిస్కు పెట్టుకునే బాక్సుతో చేసుకోవచ్చు, హెచ్‌డీ ప్రసారం గంటకు 6 నుంచి 8 జీబీ దాకా తీసుకుంటుంది. రెండోది హెచ్‌డీహోమ్‌రన్ లాంటి నెట్‌వర్క్ ట్యూనర్. యాంటెన్నా ఎక్కడ బాగా అందితే అక్కడ ఒక్కచోట పెట్టి, వైఫై ద్వారా ఇంట్లో అన్ని టీవీలకూ ఇస్తుంది. వైరు లాగడానికి వీల్లేని అద్దె ఇంటికి ఇది చక్కటి దారి.

దుకాణంలో నెక్స్ట్‌జెన్ టీవీ అంటూ ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రసార పద్ధతి ట్యూనర్ ఉన్న మోడల్‌ను ఎక్కువ ధరకు చూపిస్తారు. దానికోసమే అదనంగా పెట్టొద్దంటాను. ఆ ప్రసారాల్లో కొన్నింటికి తాళం (ఎన్‌క్రిప్షన్) వేసి ఉంటుంది. ఎల్‌జీ కూడా పేటెంట్ తగాదా తర్వాత 2024 మోడళ్లలో ఆ ట్యూనర్ తీసేసింది. టీవీ తెర చాలా ఏళ్లు మన్నుతుంది, ప్రసార పద్ధతి మధ్యలో మారవచ్చు. మారిన రోజున బయటి బాక్సు ఒకటి హెచ్‌డీఎంఐకి తగిలిస్తే చాలు. అందుకని డబ్బు తెర మీద పెట్టండి.

కేబుల్ సంగతి చిన్నదే. ఒకప్పుడు గోడలోని కేబుల్ వైరు నేరుగా టీవీకి పెడితే కొన్ని ఛానెళ్లు వచ్చేవి. 2012లో ఎఫ్‌సీసీ ఆ ప్రాథమిక ఛానెళ్లకు కూడా తాళం వేసుకోవచ్చని అనుమతి ఇచ్చాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది. నెలకు 10 డాలర్ల అద్దె అనుకున్నా రెండు బాక్సులకు ఏడాదికి 240 డాలర్లు. బిల్లులో బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు అని ఇంకో వరస ఉందేమో చూడండి. అది మీరు గాల్లో ఉచితంగా పట్టగలిగిన స్థానిక స్టేషన్ల కోసం వసూలు చేసేది.

తెలుగు ఛానెళ్లు అంటారా, అవి గాల్లో రావు. స్లింగ్, యప్ టీవీ లాంటివాటిలో ఇంటర్నెట్ ద్వారా చూడాలి. ఏ ఛానెల్ ఎందులో ఉందో ఏడాది చందా కట్టే రోజున మళ్లీ సరిచూసుకోండి, ఒప్పందాలు మారుతుంటాయి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు రాత్రి సీరియల్ ఎలా అని బెంగ వద్దు. మన దగ్గర సాయంత్రం 7.30 అంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9. టిఫిన్ చేసి కూర్చుంటే లైవ్‌లోనే చూడొచ్చు. ఊళ్లోని డిష్ బాక్సూ కార్డూ సూట్‌కేసులో తేవద్దని మాత్రం చెప్పండి. మన డీటీహెచ్ ఉపగ్రహాలు అమెరికా నుంచి చూస్తే భూమికి అవతల ఉంటాయి, ఎంత డిష్ పెట్టినా అందవు.

బ్రిటన్ వెళ్లినవాళ్లకు ఒక్కమాట. అక్కడి టీవీలో గాల్లో ఉచితంగా వచ్చే ఛానెళ్ల ఫ్రీవ్యూ లోపలే ఉంటుంది, బాక్సు అక్కర్లేదు. కానీ టీవీ లైసెన్సు కావాలి. ఇంటర్నెట్‌లో ఏ ఛానెల్ అయినా లైవ్‌లో చూసినా అది వర్తిస్తుంది, తెలుగు ఛానెల్‌తో సహా.

ఇక తిరిగి వెళ్లేటప్పుడు ఈ టీవీ కావలికో కందుకూరుకో తీసుకెళ్లాలనుకుంటే దాని లోపలి ట్యూనర్ అక్కడ దేనికీ పనికిరాదు. మన కేబుల్‌ది, డిష్‌ది, దూరదర్శన్‌ది వేరే పద్ధతి. హెచ్‌డీఎంఐ వైరుతో అక్కడి బాక్సు పెట్టుకోవాలి. అందుకు ముందు మూడు చూడాలి. వెనక లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు పెట్టగానే పవర్ బోర్డు కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. పాత బాక్సుకు పసుపు రంగు వైరు వాడితే బొమ్మ నలుపు తెలుపులో రావచ్చు, దొర్లిపోతుండవచ్చు, అది మన దేశంలోని పాత అనలాగ్ పాల్ పద్ధతి కాబట్టి, అమెరికాది వేరు. హెచ్‌డీఎంఐ వాడినా మన బాక్సులు 50 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 50 సార్లు బొమ్మ పంపుతాయి, కొన్ని అమెరికా మోడళ్లు దాన్ని తీసుకోక నల్లతెర చూపిస్తాయి. మాన్యువల్ చివర్లో రిజల్యూషన్ల పట్టిక ఉంటుంది. అందులో 1080 పక్కన 60 ఒక్కటే కాకుండా 50 కూడా ఉందని చూసుకున్నాకే ప్యాకింగ్ వాళ్లను పిలవండి.