బంతి కుడికి జరిగితే పలక ఎడమవైపు

ప్రశ్న: నేను స్వయంగా కట్టుకున్న ఆర్‌వీ-7 విమానం సమతలంగా సాగుతున్నప్పుడు రడ్డర్‌ను (నిలువు తోక వెనుక కదిలే భాగాన్ని) తిప్పే పెడళ్ల మీది నుంచి పాదాలు తీస్తే, విమానం పక్కకు జారుతోందో లేదో చూపే సూచికలోని బంతి సగం మేర కుడికి జరుగుతోంది. పెడల్ నొక్కకుండానే రడ్డర్‌ను కాస్త పక్కకు తిప్పి ఉంచే చిన్న ట్రిమ్ పలకను దానికి అతికించమని మిత్రులు అంటున్నారు. ఏ వైపు అతికించాలి?
– ఒక పాఠకుడు, ఒరెగాన్

జవాబు: ఎడమవైపు. అయితే ఆ పని చివర చేయవలసినది.

మీ విమానంలోని లైకమింగ్ ఇంజను ప్రొపెల్లర్‌ను, పైలట్ సీటు నుంచి చూస్తే, గడియారపు ముల్లు దిశలో తిప్పుతుంది. అది వెనక్కి నెట్టిన గాలి మెలితిరుగుతూ వచ్చి నిలువు తోకను ఎడమవైపు నుంచి తాకుతుంది గనుక, తోక కుడికి, ముక్కు ఎడమకు తిరగజూస్తాయి. తోక ముందు అంచును మధ్యరేఖ నుంచి కొద్దిగా ఎడమకు జరిపి బిగించేది ఇందుకే. మీరు ఎలా బిగించారో ముందుగా కొలిచి చూడండి.

తరువాత, విమానాన్ని అడ్డంగా రసమట్టంతో సమం చేసి, బంతి నడుమ నిలుస్తోందో లేదో చూడాలి, ఎందుకంటే ప్యానెల్‌లో సూచికే వంకరగా కూర్చుంటే లేని దోషాన్ని సరిచేస్తూ కూర్చుంటాం. అదీ సరిగా ఉంటే, నా అనుమానం చక్రాల తొడుగుల మీదికి, చక్రాల కాళ్ల తొడుగుల మీదికి పోతుంది. అవి కాస్త పక్కకు తిరిగినా చిన్న రడ్డర్లలా పనిచేస్తాయి. వాటిని విప్పి ఒకసారి ఎగిరి చూస్తే, బంతి స్థానం మారిందో లేదో తెలిసిపోతుంది. తిరిగి అమర్చేటప్పుడు చక్రాలు నేలను తాకకుండా విమానాన్ని పైకెత్తి, నేల మీద సుద్దతాడుతో గీసిన మధ్యరేఖకు గుండుదారంతో సరిచూడాలి. బరువు పడితే కాళ్లు వంగి కొలత మారిపోతుంది. వంకర తొడుగును అలాగే వదిలి దానికి ఎదురుగా పలక అతికిస్తే, రెండూ గాలిని అడ్డుకుని వేగాన్ని తింటాయి.

అప్పటికీ బంతి కుడినే ఉంటే, వెనుకవైపు మందంగా, ముందుకు సన్నగా చెక్కిన తేలికపాటి చెక్క పలకను రడ్డర్ వెనుక అంచుకు ఎడమవైపు గట్టి టేపుతో అంటించండి. గాలి దాని మీద ఒత్తి రడ్డర్‌ను కుడికి తిప్పుతుంది; దాంతో ముక్కు కుడికి తిరిగి బంతి నడుమకు వస్తుంది. గాలి నిలకడగా ఉండే ఉదయాన, రెండు రెక్కల్లోనూ ఇంధనం సమంగా ఉంచి, మీరు మామూలుగా ప్రయాణించే వేగంలోనే పరీక్షించాలి. బంతి ఎడమకు దాటిపోతే పలక పొడవు కొద్దికొద్దిగా తగ్గించి, కుదిరాక శాశ్వతంగా అతికించవచ్చు. కీలు వెనుక బరువు పెరిగితే రడ్డర్ కంపించే ప్రమాదం ఉంది గనుక పెద్ద పలక, మందపాటి పుట్టీ వద్దు.

ఈ పలక ఒక్క వేగానికే సరిపోతుంది. ఎగబాకేటప్పుడు కుడి పెడల్, ఇంజను తగ్గించి దిగేటప్పుడు ఎడమ పెడల్ తప్పవు.