హామానుకు వంగని మొర్దెకైది గర్వం కాదా?

బైబిలులోని ఎస్తేరు గ్రంథంలో గర్వానికి ఫలితం అనుభవించింది పర్షియా రాజు కొలువులోని పెద్ద అధికారి హామానే అయినా, రాజాజ్ఞ ఉండి కూడా అతనికి నమస్కరించని మొర్దెకైది (ఎస్తేరు రాణిని పెంచిన యూదుడు) గర్వం కాదా అనీ, దేవుని పేరే కనిపించని ఆ పుస్తకంలో దైవ సంకల్పాన్ని ఎక్కడ వెతుక్కోవాలనీ మీరు అడిగారు. ఆదివార బడిలో ఈ కథను చాలాకాలంగా చెబుతున్నాను. పెద్దలు సాధారణంగా దాటవేసే ఆ మొదటి ప్రశ్నను పిల్లలు మాత్రం వదలరు.

వంగితే వినయం, వంగకపోతే గర్వం అనే లెక్క ఈ కథలో కుదరదు. 5వ అధ్యాయంలో హామాను రాణి విందు ముగించుకొని మహా సంతోషంతో ఇంటికి బయలుదేరతాడు. ద్వారం దగ్గర మొర్దెకై లేచి నిలబడకపోవడం కంటపడగానే ఆ సంతోషం ఆవిరైపోతుంది. ఇంటికి వెళ్లి భార్య జెరెషునూ స్నేహితులనూ కూర్చోబెట్టుకొని తన ఐశ్వర్యాన్నీ, కొడుకుల సంఖ్యనూ, రాజు తనకిచ్చిన హోదానూ, ఎస్తేరు రాణి రాజుతో పాటు తనను ఒక్కడినే విందుకు పిలిచిన సంగతినీ ఏకరువు పెట్టి, ఆ యూదుడు ద్వారం దగ్గర కూర్చొని ఉండగా ఇదంతా తనకెందుకని వాపోతాడు. 127 సంస్థానాల సామ్రాజ్యంలో రాజు తర్వాతి స్థానం తనదే అయినా, లేవని ఒక్క మనిషి ముందు అతనికి అవన్నీ సున్నా.

ఇలాంటిదే ఒకటి నేను దగ్గరగా చూశాను. మా సంఘంలో కొత్త మందిరం ప్రతిష్ఠ జరిగిన రోజున, అందరికంటే పెద్ద కానుక ఇచ్చిన ఒక పెద్దమనిషికి శాలువా కప్పారు, ముందు వరుసలో కుర్చీ వేశారు, ఆయన కుటుంబం కోసం మైకులో ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. ఆయన చూపు మాత్రం గోడకు బిగించిన నల్లరాయి మీద నుంచి కదలలేదు, ఎందుకంటే ఆయన పేరును పై వరుసలో కాక రెండో వరుసలో చెక్కారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన ఆరాధనకు రాలేదు. ఆయన చెడ్డవారని నేను అనను. ఇచ్చే చేయి నిజంగా పెద్దదే. కానీ హామాను ఇంటి సభను పిల్లలకు వివరించేటప్పుడు ఆ చూపే నాకు గుర్తుకొస్తుంది.

ఇప్పుడు మొర్దెకై సంగతి. అహష్వేరోషు రాజును (చరిత్రకారులు ఎక్కువగా క్రీ.పూ. 486–465 మధ్య ఏలిన మొదటి జెర్క్సీస్‌గా గుర్తించే రాజు) చంపడానికి బిగ్తాను, తెరెషు అనే ఇద్దరు ద్వారపాలకులు పన్నిన కుట్రను బయటపెట్టింది మొర్దెకైయే. ఆ సంగతి రాజ్యపు దినవృత్తాంతాల్లో రాశారు గాని, అతనికి పైసా బహుమానం ఇవ్వలేదు. అతను అడిగినట్టు గానీ, రాణి అయిన ఎస్తేరు చేత చెప్పించుకున్నట్టు గానీ ఎక్కడా లేదు. పై హోదా దక్కింది హామానుకు. తన పేరుకు గుర్తింపు రావాలని ఆరాటపడే మనిషి ఇక్కడే బయటపడేవాడు.

దైవ సంకల్పం జాడ కూడా అక్కడే ఉంది. మొర్దెకై మీద కోపంతో అతని జనమైన యూదులందరినీ నిర్మూలించే రోజు కోసం హామాను రాజు ఏలుబడి పన్నెండో ఏట మొదటి నెలలో చీట్లు వేయిస్తే, పన్నెండో నెల తగిలింది. చీట్లు ఒడిలో పడ్డా తీర్పు యెహోవాదే అని సామెతల గ్రంథం 16వ అధ్యాయం చెబుతుంది. చంపడానికి తీసిన ఆ చీటీయే బతకడానికి దాదాపు పదకొండు నెలల గడువు ఇచ్చింది. ఇక యాభై మూరల ఉరికొయ్య సిద్ధమైన రాత్రే రాజుకు నిద్ర పట్టలేదు, చదివి వినిపించమన్నది ఆ పాత దస్తావేజే, చదవగా వచ్చింది మొర్దెకై పేరే, ఆవరణలో అప్పుడే అడుగుపెట్టింది అతన్ని ఉరితీయడానికి అనుమతి కోరబోయిన హామానే. సముద్రం చీలలేదు, ఆకాశం నుంచి అగ్ని దిగలేదు. సకాలంలో బహుమానం అందివుంటే, ఆ రాత్రి రాజు అడగడానికి ఏమీ మిగిలేది కాదు.

రాజు ఎవరిని ఘనపరచాలనుకుంటే వారికి ఏమి చేయాలని అడిగినప్పుడు, అది తానే అనుకున్న హామాను రాజవస్త్రాలు, రాజు ఎక్కే గుర్రం, వీధిలో చాటింపు కోరాడు. చివరికి ఆ చాటింపు వేస్తూ మొర్దెకైను ఊరేగించవలసి వచ్చింది. చాలామంది ప్రసంగీకులు అక్కడ నవ్వించి ముందుకు సాగిపోతారు. నాకు మాత్రం ఆ వెంటనే వచ్చే 6వ అధ్యాయం 12వ వచనం ముఖ్యం: హామాను తల కప్పుకొని ఇంటికి పరుగెత్తాడు, మొర్దెకై రాజు ద్వారం దగ్గరికి తిరిగి వచ్చాడు. రాజవస్త్రం తొడిగినా అతను తన చోటికే వచ్చాడు, ఎందుకంటే తన జనం మీద ఇచ్చిన తాకీదు ఇంకా రద్దు కాలేదు.

మరి ఎందుకు వంగలేదు? మనుషులకు నమస్కరించడాన్ని ధర్మశాస్త్రం నిషేధించలేదు. దావీదు అప్పటి ఇశ్రాయేలు రాజైన సౌలు ముందు సాగిలపడ్డాడు. తాను యూదుణ్ని అని మొర్దెకై చెప్పినట్టు మాత్రమే 3వ అధ్యాయంలో ఉంది. హామాను అగాగీయుడు (అమాలేకీయుల రాజు అగాగు వంశంవాడని అర్థం) కావడాన్నీ, మొర్దెకై సౌలు గోత్రమైన బెన్యామీనుకు చెందడాన్నీ జోడించి, 1 సమూయేలు 15లో సౌలుకూ అమాలేకీయులకూ మధ్య కనిపించే పాత పగను వ్యాఖ్యాతలు ఇక్కడ చూస్తారు. అది నాకూ సబబుగానే తోస్తుంది. కథోలిక బైబిలులో ఉండే గ్రీకు అదనపు భాగాల్లోనైతే, అహంకారంతో గానీ కీర్తి కోసం గానీ అలా చేయలేదని మొర్దెకై స్వయంగా ప్రార్థనలో చెప్పుకుంటాడు. అంటే మీ సందేహం రెండువేల ఏళ్ల క్రితమే ఎవరికో కలిగిందన్నమాట. అయినా అతని చేత సంజాయిషీ ఇప్పించని హీబ్రూ పాఠమే నాకు ఎక్కువ నచ్చుతుంది.