‘ఫేయ్‌జై’ అని పిలిస్తే నొచ్చుకోవాలా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా హాంకాంగ్‌లో ఉంటున్నాను. కాస్త బొద్దుగా ఉంటాను. ఆఫీసులోని స్థానిక మిత్రులు ఈ మధ్య నన్ను ‘ఫేయ్‌జై’ అంటున్నారు. దానికి ‘లావు అబ్బాయి’ అని అర్థమని తెలిసి మనసు చివుక్కుమంది. ఇది వెటకారమేనా? ఇలాంటి మాటలు వాళ్ళకు ఇంకేమున్నాయి?
– ఒక పాఠకుడు, హాంకాంగ్

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది చనువుతో పుట్టిన పిలుపే అనిపిస్తోంది. ‘ఫేయ్’ అంటే లావు. మాండరిన్‌లో ఈ మాటను ఎక్కువగా పశువులకూ, కొవ్వు పట్టిన మాంసానికీ, వదులు బట్టలకూ వాడి, మనుషుల విషయంలో ‘పాంగ్’ అంటారు కనుక, ఆ భాష వారికి మీ పిలుపు మొరటుగా తోచవచ్చు. హాంకాంగ్, మకావ్, గ్వాంగ్‌ఝౌలలో మాట్లాడే కాంటనీస్‌లో మాత్రం మనుషులకూ అదే మామూలు మాట.

మన్ననా ఎత్తిపొడుపూ తరచుగా దాని తర్వాత చేరే పదాన్ని బట్టి తెలుస్తాయి. ‘జై’ అంటే కొడుకు, కుర్రవాడు. తల్లులు పిల్లలను ఫేయ్‌జై అని ముద్దుగా పిలుచుకుంటారు, పిల్లవాడు పెద్దవాడై సన్నబడ్డాక కూడా ఆ పేరు అలాగే ఉండిపోవచ్చు. ‘పో’ చేర్చి ఫేయ్‌పో అంటే మాత్రం ఆడవారిని నిజంగా గాయపరిచే మాట అవుతుంది, దాన్ని మీరు సరదాకు కూడా అనకండి. బుగ్గలు పుణకాలనిపించే పసివాడిని ‘ఫేయ్ డ్యూట్‌డ్యూట్’ అంటారు. ఒళ్ళు అదిరేంత స్థూలకాయాన్ని ‘ఫేయ్ తన్‌తన్’ అంటారు, అందులో మెచ్చుకోలు ఉండదు. 2008లో కన్నుమూసిన హాస్యనటి, టీవీ వ్యాఖ్యాత లిడియా షమ్‌ను హాంకాంగ్ అంతా ‘ఫేయ్‌ఫేయ్’ అని ఎంతో అభిమానంగా పిలుచుకుంది.

బక్కపలచని వారికీ మాటలు తప్పవు. ఎముకలు తేలిన మనిషిని ‘పాయ్‌గ్వాట్’ అంటారు, హోటళ్ళలో ఆవిరిపై ఉడికించి వడ్డించే పంది పక్కటెముకల పేరు కూడా అదే. పీలగా ఉన్నవారిని ‘ఙన్’ అంటారు. ‘పెద్ద’ అనే అక్షరం నెత్తిన ‘కాదు’ అనే అక్షరాన్ని కూర్చి ఆ మాటను రాస్తారు, ఇంత సూటిగా భావాన్ని చూపే లిపిరూపం నాకెంతో ఇష్టం. నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు ‘సిబేటాయ్’, అంటే స్పేర్ టైరు. చెయ్యి ఊపి బై చెప్పేటప్పుడు భుజం కింద ఊగే కండను ‘బాయ్‌బాయ్ యుక్’, అంటే బైబై మాంసం అంటారు. కండలు తిరిగిన మనిషి ‘దాయ్‌జెక్’. లావయ్యారని మర్యాదగా చెప్పదలచిన పెద్దలు ‘ఫాట్‌ఫుక్’ అంటారు, మనం ‘ఒళ్ళు చేశారు’ అన్నట్టే. అయితే అందులో భాగ్యం కలిగిందన్న భావం కూడా ఉంటుంది.

చనువుతో అన్నదైనా మీకు బాధ కలిగితే ఓర్చుకోవలసిన పని లేదు. కాంటనీస్‌లో పేరుకు ముందు ‘ఆ’ చేర్చి పిలవడం స్నేహితుల మధ్య మామూలే కనుక, మీ పేరును పొట్టిగా చేసి, దాని ముందు ‘ఆ’ పెట్టి పిలవమని మీ మిత్రులతో నేరుగా చెప్పండి.