నాన్నగారి సీటీ రిపోర్టులో ‘పేగు గోడ మందం’

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. లివర్ సిర్రోసిస్‌కు మందులు వాడుతున్నారు. పొట్టలో నీరు చేరిందని సీటీ స్కాన్ తీయించాం. కుడివైపు పెద్దపేగు గోడ 7 మి.మీ. మందంగా ఉందని రిపోర్టులో రాశారు. జ్వరం, విరేచనాలు, రక్తం పడటం లేవు. క్యాన్సరేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు ఇంకా వారం ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను రేడియాలజిస్టును. సిర్రోసిస్ ఉన్నవాళ్ల సీటీల్లో మేం తరచూ చూసే మార్పే ఇది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని క్యాన్సర్ అని భయపడకండి. కారణం ఏమై ఉండొచ్చో కూడా రిపోర్టులో ఒక ముక్క రాసి ఉంటే మీకు ఇంత ఆందోళన ఉండేది కాదు. అలా రాయడం మా బాధ్యతే అని నేను నమ్ముతాను.

పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా లివర్‌లోకి వెళ్లాలి. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడి, దారి ఇరుకై, వెనక సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. పైగా లివర్ తయారుచేసే అల్బుమిన్ తగ్గిపోతుంది. నీరు రక్తనాళాలు దాటి బయటికి రాకుండా ఆపేది ముఖ్యంగా ఆ ప్రొటీనే. అందువల్ల పేగు గోడలోకి నీరు ఊరి ఉబ్బుతుంది. పొట్టలో నీరు చేరడానికీ మూలం ఇదే. ఎడమవైపు పేగు రక్తానికి పురీషనాళం సిరల మీదుగా లివర్‌ను తప్పించుకునే దారులు ఉంటాయి. కుడివైపు ఆ వెసులుబాటు తక్కువ కాబట్టే వాపు అక్కడ ఎక్కువ కనిపిస్తుందని భావిస్తారు.

బాగా సాగి ఉన్న పెద్దపేగు గోడ మామూలుగా 3 మి.మీ. లోపే ఉంటుంది. ముడుచుకుని ఉంటే మందంగా కనిపిస్తుంది. అందుకే నేను అంకె కంటే ఆకారాన్నే ఎక్కువ నమ్ముతాను. నీటి వాపైతే పేగు చాలా దూరం, చుట్టూ సమానంగా మందమవుతుంది. కణితి అయితే సాధారణంగా కొద్ది భాగంలోనే, ఒక పక్కకు ఎక్కువగా ఉండి, ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా గోడ ఉబ్బొచ్చు, కానీ అప్పుడు ఎక్కువగా జ్వరమో విరేచనాలో తోడుంటాయి. పోర్టల్ సిరలో, పేగు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో తప్పకుండా చూస్తాను. సిర్రోసిస్‌లో అలా జరగొచ్చు, అప్పుడు ఇదే మందాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

డాక్టర్‌గారి దగ్గరికి రిపోర్టుతో పాటు స్కాన్ సీడీ కూడా తీసుకెళ్లండి. వాపు ఎంత పొడవునా ఉంది, సిరలు తెరుచుకునే ఉన్నాయా, అల్బుమిన్ ఎంత అని అడగండి. ఈ మందం కనిపించిన ప్రతి ఒక్కరికీ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అక్కర్లేదు. అయితే నాన్నగారి వయసుకు ఇంతవరకు అది చేయించి ఉండకపోతే ఆ మాటా ఎత్తండి.

ఈలోగా జ్వరం, కడుపునొప్పి, నల్లటి మలం, రక్తపు వాంతి, మాటలో తికమక లేదా మగత, వీటిలో ఏది కనిపించినా వారం ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. జ్వరమో నొప్పో ఉంటే పొట్టలో నీరు తీసి పరీక్షిస్తారు. అందులో న్యూట్రోఫిల్ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఘనపు మిల్లీమీటరుకు 250 లేదా అంతకు మించి ఉంటే ఇన్‌ఫెక్షన్‌గా తీసుకుని వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. నొప్పి అన్నారని ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మాత్రం ఇవ్వకండి. సిర్రోసిస్‌లో అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం ముప్పునూ పెంచుతాయి.