జూబ్లీహిల్స్ బిల్లు ఐదుగురిది, వడ్డీ మీ ఒక్కరిది

ప్రశ్న: వయసు 28. కొండాపూర్‌లో ఉంటాను, జీతం చేతికి 92,000. ఇంటికి 20,000 పంపిస్తాను. మూడేళ్లకు పైగా ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 8,000 సిప్ కడుతున్నా, ఇప్పుడు విలువ 3.4 లక్షలు. ప్రతి వారాంతం ఐదుగురు ఫ్రెండ్స్‌మి జూబ్లీహిల్స్ వెళ్తాం, ఒక్కోసారి బిల్లు పది వేల దాకా అవుతుంది. పాయింట్ల కోసం నా కార్డే గీస్తాను, వాళ్లు తర్వాత యూపీఐ చేస్తారు. ఏడాది కింద కార్డులో 30,000 బాకీ మిగిలింది, ఇప్పుడది 1,40,000. నెలకు 40,000 కడుతున్నా తగ్గట్లేదు. బయటకు వెళ్లడం మానేయాలా? సిప్ ఆపాలా? బ్యాంకు వాళ్లు 16 శాతానికి 24 నెలల ఈఎంఐ ఇస్తామంటున్నారు, తీసుకోనా?

జవాబు: మానక్కర్లేదండీ. నెలకు నాలుగుసార్లు పది వేలంటే 40,000, అందులో మీ వంతు 8,000. జీతంలో తొమ్మిది శాతం కూడా కాదు. పెళ్లి కాని 28 ఏళ్ల కుర్రాడు రోడ్ నంబర్ 36లో ఆ మాత్రం ఖర్చు పెడితే నేను క్లాసు పీకను. అసలు గొడవంతా మిగతా 32,000తోనే. ఆ డబ్బు ఒకడు ఆ రాత్రే పంపిస్తాడు, ఇంకొకడు జీతం పడ్డాక అంటాడు, మరొకడికి గుర్తే ఉండదు, మీకేమో అడగడానికి మొహమాటం. వచ్చిన డబ్బన్నా కార్డుకు వెళ్తోందా అంటే అదీ లేదు, జీతం ఖాతాలో కలిసిపోయి అమెజాన్‌కో పెట్రోల్‌కో అయిపోతోంది.

ఇక వడ్డీ. మీ కార్డుకు నెలకు 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులకు అటూఇటూగా అంతే ఉంటుంది. 1,40,000 మీద 4,900, దానిపై 18 శాతం జీఎస్టీ 882, మొత్తం నెలకు 5,782. పాయింట్లు వందకు రూపాయి చొప్పున వేసుకున్నా 40,000కు వచ్చేది 400. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: బిల్లు పూర్తిగా కట్టకుండా బాకీ మిగిల్చారంటే కొత్త స్వైప్‌లకు ఆ 45 రోజుల వడ్డీలేని గడువు ఉండదు, గీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే శుక్రవారం రాత్రి మీ ఫ్రెండ్ తిన్న అపోలో ఫిష్‌కు శనివారం నుంచి వడ్డీ కట్టేది మీరు. నా అంచనాలో ఏడాదిలో పెరిగిన ఆ 1,10,000లో సగానికి దగ్గరగా వడ్డీయే ఉంటుంది.

ఈఎంఐ వద్దు. నెలకు దాదాపు 6,850 పడుతుంది, రెండేళ్లలో వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి 29 వేల వరకు పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. పైగా ఈఎంఐ కట్టేకొద్దీ కార్డు లిమిట్ కొంచెం కొంచెంగా మళ్లీ వాడుకోవడానికి దొరుకుతుంటే చెయ్యి ఊరుకోదు. ఫండ్‌లోంచి 1,40,000 తీసేయండి. యూనిట్లు కొన్న వరుసలోనే అమ్ముడవుతాయి, కాబట్టి మీవి ఏడాది దాటిన పాత యూనిట్లే వెళ్తాయి. మీ ఇండెక్స్ ఫండ్ లాంటి ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్లలో దీర్ఘకాలిక లాభం, అంటే ఏడాది దాటిన యూనిట్ల మీద లాభం, ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల దాకా పన్ను లేదు, మీ లాభం దాని దరిదాపుల్లో కూడా లేదు. మార్కెట్ పెరుగుతుంటే అమ్మడం ఏమిటని మనసు పీకుతుంది, కానీ ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ 12 శాతం వస్తుందేమో అన్న ఆశతో ఫండ్ పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు. సిప్ మాత్రం ఆపొద్దు, బాకీ తీరాక దాన్ని ఆపాల్సిన అవసరమే రాదు.

ఆ తర్వాత కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి. వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరిచి జీతం పడిన రోజే 10,000 అందులో వేయండి, బయట తిండికి యూపీఐ దాని నుంచే. ఎవరి వాటా వాళ్లు టేబుల్ దగ్గరే కట్టాలి. నువ్వు గీసెయ్ మామా, తర్వాత చూసుకుందాం అంటే కార్డు బ్లాక్ అయిందని చెప్పండి. ఈ ఒక్క అబద్ధానికి నా అనుమతి ఉంది.

బిల్లు వచ్చాక ఒక్క నిమిషం చదవండి కూడా. మామూలు రెస్టారెంట్‌లో తిండికి జీఎస్టీ 5 శాతం, మద్యానికి జీఎస్టీ ఉండదు, దానికి రాష్ట్రం వేసే పన్ను వేరు. మొత్తం బిల్లు మీద జీఎస్టీ వేశారేమో చూసుకోండి. సర్వీస్ చార్జి తప్పనిసరి కాదు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. పది వేల బిల్లులో పది శాతం అంటే వెయ్యి రూపాయలు, తీసేయమని మర్యాదగా అడగండి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. సర్వీసు నచ్చితే ఆ అబ్బాయి చేతికే టిప్ ఇవ్వండి.

బండి మీద మాత్రం వెళ్లకండి. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి పెద్దమ్మ గుడికో చెక్‌పోస్ట్‌కో మెట్రో ఉంది, తిరిగొచ్చేటప్పుడు ఐదుగురూ క్యాబ్ పంచుకోండి. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో మొదటిసారి దొరికితేనే 10,000 దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తాగి నడిపి గుద్దితే మీ బండి డ్యామేజీకి బీమా క్లెయిమ్ కూడా రాదు, ఈ సంగతి పాలసీ కాగితంలో రాసే ఉంటుంది.

ఫండ్ డబ్బు రెండు మూడు పని దినాల్లో ఖాతాలో పడుతుంది. అదే రోజు కార్డు యాప్ తెరిచి, స్టేట్‌మెంట్‌లో ఉన్నదే కాకుండా ఇంకా బిల్లు కానిది కూడా కలిపి మొత్తం కట్టేయండి. వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో మళ్లీ కొంత వడ్డీ కనిపిస్తే కంగారు పడకండి, పాత స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు లెక్క అది. అదీ పూర్తిగా కట్టండి, మినిమమ్ డ్యూ బటన్ జోలికి వెళ్లొద్దు.