ఎండాకాలం పొద్దున చెరువు దగ్గర తూనీగల ఫొటోలు మసకగా వస్తుంటే

మీరు అడిగింది ఇది: ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుకు వెళ్తున్నారు, చేతిలో 70-300 లెన్స్ ఉంది, పక్షులు బాగానే వస్తున్నాయి, తూనీగలు మాత్రం మసకగా పడుతున్నాయి, చిన్న వాటిని బాగా దగ్గరగా తీసే మాక్రో లెన్స్ కొనాలా అని. ఇప్పుడే కొనకండి. మీ లెన్స్ చాలు. నేను చూసినంతలో తూనీగల ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది వేళ వల్ల, కోణం వల్ల.

మేలో ఇక్కడ 5.45 ప్రాంతంలో సూర్యోదయం. ఆ వేళకు నీళ్లకు తూర్పు పక్కన నిలబడితే వెలుగు మీ వీపు వెనక ఉంటుంది. మొదటి గంటన్నర పక్షులకే ఇవ్వండి. చలికాలపు వలస బాతులు అప్పటికి వెళ్లిపోయి ఉంటాయి గానీ నత్తగుల్ల కొంగలు, బుడుబుంగలు, జంబుకోళ్లు, లకుముకి పిట్టలు ఉంటాయి. తెల్ల కొంగలకు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగును సగానికి, తగ్గించకపోతే ఈకల గీతలు పోతాయి. 8 దాటాక ఎండిన చెరువు నేల మీంచి వేడి గాలి అలలుగా లేస్తుంది. దానిలోంచి దూరపు పక్షిని తీస్తే ఎంత ఖరీదైన లెన్సైనా మెత్తగానే వస్తుంది. అప్పుడు పక్షులు ఆపి తూనీగల వైపు తిరగండి.

ఎక్కడ వెతకాలో పసరిక పిట్టే చెబుతుంది. అది తీగ మీద కూర్చుని, ఎగిరి, తూనీగను పట్టుకొచ్చి తీగకేసి కొడుతుంటుంది. ఆ చుట్టుపక్కల జమ్ము, తుంగ, తూము కాలువ అంచు చూడండి. పక్షుల మధ్యలో 7 లోపు ఒకసారి అటు వెళ్తే జమ్ము కాడలకు అంటుకున్న, తూనీగ పిల్లలు విడిచిన ఖాళీ పొరలు, పక్కనే అప్పుడే బయటికొచ్చిన తూనీగ కూడా దొరకవచ్చు. దాని రెక్కలు పాలిపోయి తళతళలాడుతుంటాయి. దాన్ని ముట్టుకోవద్దు, కాడను కదపవద్దు. రెక్క గట్టిపడకముందే వంగితే ఇక సరికాదు.

ఇక కోణం. 300 దగ్గర, f/8లో, మీటరున్నర దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సెంటీమీటరు కూడా ఉండదు. తూనీగ ఒంటి పొడవు దాదాపు నాలుగు సెంటీమీటర్లు. మీరు ఏటవాలుగా తీస్తే తల స్పష్టం, తోక మసక. అందుకే కెమెరా వెనక భాగం దాని ఒంటికి సమాంతరంగా ఉండేలా పక్కకు జరగండి, కావాలంటే మోకాళ్ల మీద కూర్చోండి. సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టి కంటి మీద ఉంచండి. ఒకేసారి పెద్ద భాగాన్ని చూసే జోన్ ఫోకస్ అయితే వెనక గడ్డిని పట్టేస్తుంది. షట్టర్ వేగం కనీసం 1/640 సెకను. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది గానీ గాలికి ఊగే కాడను ఆపదు. ఎర్ర మగ తూనీగ, అంటే క్రోకోథెమిస్ సర్విలియా, ఎండలో తీస్తే ఎరుపు ఒక ముద్దలా మారుతుంది. దానికి ఎక్స్‌పోజర్ -0.7 పెట్టండి.

వెంటపడి తీయడం దండగ. చాలా తూనీగలు ఎగిరినా మళ్లీ అదే పుల్ల మీదికి వస్తాయి. అది గాలిలో ఉన్నప్పుడు రెండడుగులు ముందుకు వేసి ఆగండి. మీ నీడ దాని మీద పడితే పోతుంది, పక్కకు ఊగినా పోతుంది. నేరుగా, నెమ్మదిగా వెళ్తే ఓర్చుకుంటుంది. ఎండ ముదిరాక కొన్ని తోకను సూర్యుడి వైపు నిటారుగా లేపి కూర్చుంటాయి, ఒంటికి తగిలే ఎండ తగ్గించుకోవడానికి. ఆ భంగిమ నాకు ఎంతో ఇష్టం, దాని కోసమే 9.30 దాకా ఆగవచ్చు. బండల మీద మాత్రం బ్రాడినోపైగా జెమినాటా అనే బూడిదరంగు తూనీగ ఉంటుంది, గ్రానైట్ రంగులో కలిసిపోతుంది. కదిలేదాకా కనపడదు.

జాతి తెలియాలంటే ఒక్క ఫొటో చాలదు. పైనుంచి, పక్కనుంచి, తోక చివర, రెక్క చివరి చిన్న రంగు మచ్చ, నాలుగూ తీయండి. క్రోకోథెమిస్‌లో ఆడవి, లేత మగవి రెండూ పసుపుగానే ఉంటాయి కాబట్టి రంగు ఒక్కటే నమ్మితే తప్పు పేరు పెడతారు. జీవుల ఫొటోలు పెట్టి జాతి తెలుసుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో నాలుగూ ఒకే పరిశీలనగా ఎక్కించండి.

ఒక్క జాగ్రత్త. ఖాళీ నేల మీద తీతువు పిట్ట అరుస్తూ మీ చుట్టూ తిరిగితే అక్కడే గుడ్లున్నాయని. అది పొట్ట ఈకలు తడుపుకొచ్చి మరీ వాటిని చల్లబరుస్తుంటుంది. మీరు నిలబడ్డంతసేపు గుడ్లు ఎండకు మాడతాయి, వెంటనే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. గడ్డిలో రక్తపింజరి ఉండవచ్చు, చీలమండ దాటే బూట్లు వేసుకోండి. పైకి ఎండినట్టున్న చెరువు మట్టి కింద బురద ఉంటుంది, పశువుల అడుగులున్న దారినే నడవండి. లీటరున్నర నీళ్లు మోయండి.

సూదిలా సన్నగా ఉండే డామ్సెల్‌ఫ్లైలకు మాత్రం మీ లెన్స్ కొంచెం చాలదు. వాటికి లెన్స్ ముందు బిగించే +2 క్లోజప్ గాజు, రెండు గాజులు అతికించిన అక్రోమాట్ రకం తీసుకోండి. మాక్రో లెన్స్ కంటే చాలా చవక. అది బిగించాక అర మీటరుకు అవతల ఏదీ ఫోకస్ కాదు, అందుకని పక్షుల వంతు అయిపోయాకే పెట్టండి.